లోపల విడిచిన బట్ట

మా ఊరు కేతేపల్లికి దగ్గరే. బతుకమ్మ పండుగ పది రోజులుందనగా మేర తాత తన చేతి మిషన్ నెత్తిన పెట్టుకుని వచ్చి మా అరుగు మీద దించేవాడు. ఊళ్ళో బట్టలు కుట్టేది ఆయనొక్కడే. కొత్త రవిక కావాలంటే ఆయన ఒళ్ళు కొలిచేవాడు కాదు. సరిగ్గా పట్టే పాత రవిక ఒకటి ఇస్తే చాలు, దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, ఆ లెక్కన కత్తిరించేవాడు. ఆ పాత రవికను ఆది అంటారు. ఇప్పటికీ మా ఆడవాళ్ళు దర్జీకి ఆది ఇచ్చే వస్తారు.

అలాంటి ఒక ఆది రవిక నా ప్రాణం తీసినంత పని చేసింది.

నా పన్నెండో ఏట పండుగకు మా అన్న ఆకుపచ్చ గుడ్డ తెచ్చాడు. నేను పుట్టిన ఏడాదే బాపు పోయాడు. ఇంట్లో మిగిలింది అవ్వ, అమ్మ, అన్న, నేను. నాకు నడక నేర్పింది కూడా అన్నే. అవి నైజాం చివరి రోజులు. రజాకార్లొస్తున్నారని కేక వినపడితే చాలు, ఊరు ఊరంతా జొన్న చేలల్లో దూరేది. అన్న దొరల మీద, రజాకార్ల మీద కొట్లాడే సంగం మనిషి. పండుగ వెళ్ళిన నాలుగో నాడు, తెల్లవారి మంచు ఇంకా విడవకముందే దళంలోకి వెళ్ళిపోయాడు. కొత్త రవిక విప్పనని మారాం చేసి నేను దానితోనే పడుకుని ఉన్నాను. ఆయన వంగి నా తల నిమిరి, "నేనొచ్చేదాక గిట్లనే ఉండు పిల్లా" అన్నాడు.

సగం నిద్రలో విన్న మాట అది. ఆ గొంతు, గొంగడి వాసన, చెంపకు తగిలిన చల్లటి వేళ్ళు, ఇవన్నీ కలలోవో నిజమైనవో ఇప్పటికీ చెప్పలేను. మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. వెళ్ళేవాడెవడైనా చెల్లెలితో అనే మాటే కదా! అమ్మను సతాయించకు, బుద్ధిగా ఉండు అని. పిచ్చిదాన్ని, నేను దాన్ని ఒట్టులా పట్టుకున్నాను. నేను మారితే అన్న వచ్చి నన్ను గుర్తుపట్టడు. గుర్తుపట్టకపోతే గడప దాటి లోపలికి రాడు. నా లోపల ఇదే లెక్క నడిచింది.

మొదట నా రొట్టెలో ఆయన వాటా తీసిపెట్టాను. ఏ గుట్టల్లో పస్తులున్నాడో అని. కొన్నాళ్ళకు ఎందుకు తీసిపెడుతున్నానో మరిచిపోయాను కానీ, ఆ అలవాటు నన్ను విడిచిపెట్టలేదు. ఒళ్ళు తగ్గిన కొద్దీ లోకం నా నుంచి దూరంగా జరిగింది. మధ్యాహ్నం ఎండలో తంగేడు చెట్లు పసుపు పొగలా కదిలేవి. వాకిట్లో అవ్వ పిలిస్తే బావి అడుగు నుంచి వినిపించినట్టుండేది. ఆ తేలికదనాన్ని నేను సుఖమనుకున్నాను. ఏం సుఖం, నా మొహం! ఆకలి ఆడించిన ఆట అది.

అవ్వ నోరు మంచిది కాదు, మనసు వెన్న. "లేవీ అని గింజలన్నీ ఊడ్సుకపోతుంటే జనం తినతందుకు లేక సస్తున్నరు. ఇంట్ల ఉండి తినకపోతే ఏం రోగమే నీకు?" అని రంకెలేసేది. ఏం రోగమో ఎవరికి తెలుసు? గాలి సోకిందన్నారు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఇవాళ దవాఖానల్లో దానికి పేరుంది, మందుంది, కూర్చోబెట్టి మాట్లాడే మనుషులున్నారు. మా ఊళ్ళో దానికున్న పేరు మొండితనం ఒక్కటే.

మరుసటి ఏడు పోలీసు యాక్షన్ అయింది. చిట్యాల రోడ్డు మీద యూనియన్ మిలటరీ బండ్లు పోతున్నాయని, నైజాం దిగిపోయాడని కబురొచ్చింది. ఇక పిల్లలందరూ ఇళ్ళకొస్తారని ఊరంతా అనుకుంది. అన్నకిష్టమని అమ్మ వరుసగా మూడు రోజులు పుంటికూర వండి, దర్వాజకు ఆనుకుని కూర్చుంది. అన్న రాలేదు. దొరల నుంచి తీసుకుని పేదలకు పంచిన భూములు నిలబెట్టుకోవాలని దళాలు అడవిలోనే ఉండిపోయాయట. అన్న బదులు మిలటరీ వాళ్ళొచ్చి, వాడెక్కడని అమ్మను నిలదీశారు. ఆ రోజు నుంచి నాకు ముద్ద అసలే దిగలేదు. వారం తిరక్కముందే బావి గట్టు మీద పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి అవ్వ ఒళ్ళో ఉన్నాను. అవ్వకు తిట్లు కూడా రావడం లేదు. అలా నోరు పడిపోయిన అవ్వను నేనెన్నడూ చూడలేదు. నాకు భయమేసింది.

పొలం అమ్మకు వదిలేసి, ఏడాదిపాటు అవ్వ నా ముందు కూర్చుంది. ముందు గంజి, తర్వాత జొన్న గటక, ఆ తర్వాత పాలలో నానేసిన రొట్టె. తిట్టేది, ఏడ్చేది, పాట పాడేది, మళ్ళీ తిట్టేది. "ఒక్క బుక్క బిడ్డా. మీ అన్న కోసం కాదు, గీ ముసల్దాని కోసం." నేను మొహం తిప్పుకుంటే అటు వచ్చి కూర్చునేది. అలా అటూ ఇటూ తిరుగుతూ నన్ను బతికించింది.

మళ్ళీ బతుకమ్మ వచ్చింది. అవ్వ సందుగలోంచి ఆకుపచ్చ రవిక తీసి నాకు తొడిగింది. సరిగ్గా పట్టింది. "అతికినట్టున్నదే! పోయిన పానం తిరిగొచ్చింది!" అని అవ్వ వాడంతా వినేట్టు అరిచింది. అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టింది. ఆ రోజు నుంచి అవ్వ నా ముందు కూర్చోవడం మానేసింది. ఇంట్లో అందరి ఫికరూ తీరింది.

నాకు లోలోపల ఎంత సంతోషమో చెప్పలేను. అన్న వదిలి వెళ్ళిన చోటికే మళ్ళీ వచ్చాను కదా. ఇక్కడ ఆగితే చాలు, ఇంతకంటే ఒక్క ముద్ద ఎక్కువ వద్దు. ఎండలో కూడా చలి వేసేది. దువ్వితే జుట్టు చేతినిండా వచ్చేది. వాడలో నా ఈడు పిల్లలంతా పెద్దమనుషులయ్యారు, నేను కాలేదు. ఇవేవీ ఎవరికీ కనపడలేదు. రవిక పట్టింది, ఇంకేం కావాలి!

అవ్వ ఆ రవికనే తీసుకెళ్ళి మేర తాత ముందు పడేసింది. "గిదే ఆది. పిల్లకు నయమైంది. కొత్తది కుట్టు."

తాత రవిక వైపు చూశాడు. నా వైపు చూశాడు. కత్తెర పక్కన పెట్టాడు.

"అక్కా, గిది నేను కుట్టి రెండేండ్లాయె. అప్పుడు పిల్లకెన్నేండ్లు?"

"పన్నెండు."

"గిప్పుడు?"

"పద్నాలుగు. అయితే ఏందంటవ్?"

"పద్నాలుగేండ్ల పిల్లకు పన్నెండేండ్ల రవిక పడితే నయమైనట్టా? గా రెండేండ్ల పెరుగుడు ఏడికి పోయింది? నయం గాలే అక్కా, సగం తొవ్వల ఆగింది."

అవ్వ అంతెత్తున లేచింది. "బట్టలు కుట్టేటోనివి నీకేం తెలుస్తది? సచ్చి బతికిన పిల్ల! నోట్ల పుల్ల వెట్టి తినవెట్టిన!"

తాత రవికను తిరగేసి నన్ను దగ్గరికి పిలిచాడు. రెండు చంకల కిందా, భుజాల దగ్గరా లోపలికి మడిచి కుట్టిన బట్ట ఉంది. పైన గుడ్డ ఎండకు వెలిసిపోయింది కానీ, లోపలి మడత చిలక రెక్కలా పచ్చగా ఉంది.

"గింత బట్ట నేనెన్నడు ఇడువ బిడ్డా," అన్నాడు. "మీ అన్ననే చెప్పిండు. చెల్లె జల్ది పెరుగుతది తాతా, నేనుంటనో లేనో, లోపల మస్తుగ బట్ట ఇడువు అన్నడు."

అన్న నన్ను ఇలాగే ఉండమనలేదు. నేను పెరుగుతానని, పెరగాలని, ఆ పెరుగుదలకు చోటు కూడా ముందే కుట్టించి వెళ్ళాడు. అరుగు మీద కూలబడి బావురుమన్నాను. నా ఒట్టు సంగతంతా అప్పుడే మొదటిసారి నోటితో చెప్పాను. అవ్వ విని నోరు తెరిచింది, కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు తీసి, "వాడు రానియ్, వాని సంగతి జెప్త" అంది.

తాత నా కళ్ళ ముందే కుట్లు విప్పి రవికను వదులు చేశాడు. తొడుక్కుంటే సంచిలా ఉంది. "గది నిండాలె. నిండినంక ఇంకోటి కుడత. అది గూడ ఇట్లనే వదులుగ కుడత" అన్నాడు.

అవ్వ మళ్ళీ నా ముందు కూర్చుంది. అది నిండడం మాటలు కాదు. రవిక చంకల దగ్గర బిగుస్తుంటే ఏదో తప్పు చేసినట్టు ఏడ్చిన రోజులున్నాయి. అన్నం పళ్ళెం అవతలికి తోసిన రోజులున్నాయి. కానీ ఒకరోజు గొంగడి లేకుండా నిద్రపోయాను. ఒకరోజు మాడిన రొట్టె అంచు నాకే కావాలని అవ్వతో కొట్లాడాను. అవ్వ పండుగ వచ్చినంత సంబరపడి, రొట్టెలన్నీ మాడ్చింది. బతుకమ్మ చుట్టూ పాట ఆపకుండా, ఆయాసం రాకుండా తిరిగాను. పదహారో ఏట పెద్దమనిషినయ్యాను. అవ్వ వాడంతా ఎండుకొబ్బరి కుడకలు పంచింది.

మొన్న మా మనవరాలు బరువు చూసే మిషన్ ఎక్కి, "ఎంతుండాలె నానమ్మా?" అని అడిగింది. నేనేం చెప్తాను? పోయిన ఏడాది ఎంతున్నావో అంత అని మాత్రం చెప్పను.

నా పదహారో ఏటే, పోరాటం ఆపేశారన్న కబురొచ్చాక, ఒక పొద్దున అన్న వచ్చాడు. నేను వాకిట్లో రొట్టెలు కాలుస్తున్నాను. బొమికలకు చొక్కా తొడిగినట్టున్న మనిషి దడి దగ్గర ఆగి నన్నే చూస్తున్నాడు. నేను ఆయన్ని నిలబడిన తీరుతో గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నాలుగేళ్ళు నేను దేనికి భయపడ్డానో సరిగ్గా అదే జరిగింది.

"ఎవలమ్మా నువ్వు? మా చెల్లె లేదా?" అన్నాడు.

"నువ్వే గదన్నా," అన్నాను, "బట్ట ఇడువుమన్నది."

అన్న నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. దడి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. "గింత పెద్దగయినవా పిల్లా! గింత పెద్దగయినవా!" అంటూ ఏడ్చాడు. అంత ఆనందం ఆయన మొహంలో నేను మళ్ళీ చూడలేదు. పెనం మీది రొట్టె తీసి రెండు చేశాను. ఆయన సగం ఆయన చేతిలో పెట్టి, నా సగం నేను తిన్నాను.