వేడి టీ పరీక్ష

పూర్ణా మార్కెట్ వెనక షెడ్డులో పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే కన్నబాబు, ఇంజన్ దూకుడుని తేల్చే కొత్త క్యామ్‌షాఫ్ట్ ఎంచే ముందు బండివాళ్ళకి పొగలుకక్కే టీ ఇప్పించి, మీసం దువ్వుకుంటూ గమనిస్తాడు. గటగటా తాగేస్తే రేసు షాఫ్ట్, ఊదుకుంటూ తాగితే నెమ్మది షాఫ్ట్. ఇవాళ వచ్చిన సుమంత్ రేసుదే కావాలని పట్టుబడుతూ గ్లాసుని పావుగంట ఊదాడు.

“టీకే ఇంత బయపడతన్నావు, నీకు రేసుదెందుకు బాబూ?” అంటూ కన్నబాబు నెమ్మది షాఫ్ట్‌కి నూనె రాయసాగాడు. పక్కనున్న సుమంత్ భార్య జ్యోతిర్మయి తన గ్లాసు ఎప్పుడో ఖాళీ చేసి, ఇంకోటి అడిగింది. కన్నబాబు చెయ్యి ఆగిపోయింది.

“బండి తోలీది ఎవులమ్మా?”

“నేనే. ఈయన పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటారు.”

కన్నబాబు నూనె తుడిచేసి, పై అరలోంచి రేసు షాఫ్ట్ దించాడు.

“ఆ నెమ్మదిదే బాగుందేమో,” అన్నాడు సుమంత్, గ్లాసులోకి చూస్తూ.