అలికేసిన గానుగ జాగ

హైదరాబాద్ నుంచి పెద్దపల్లి, అక్కడి నుంచి మంథని బస్సులో నిలబడి, అమ్మమ్మ ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. బ్యాగ్ కూడా దించకుండా పెరట్లో పాత గానుగ దగ్గరికి పరిగెత్తాను. నేలంతా పచ్చగా పేడతో అలికి ఉంది. మధ్యలో ముగ్గు కూడానూ.

"ఏం చేసినవే అమ్మమ్మా!"

"నువ్వొస్తున్నవని మంచిగ అలికిన. కాలేజోళ్లు చూసే జాగ గలీజుగుంటె నాకేం ఇజ్జతుంటది?"

నాకు కావలసిందే ఆ గలీజు. ఏళ్ల తరబడి నూనె ఇంకిన మట్టిలో కొన్ని బ్యాక్టీరియా ఉంటాయి. నూనె తిని సబ్బులాంటి పదార్థం వదులుతాయి. వాటిని ల్యాబ్‌లో పెంచి ఆ పదార్థాన్ని తీయడమే నా ప్రాజెక్టు. పెట్రోల్ బంకు మట్టి, మెకానిక్ షెడ్డు మట్టి అప్పటికే ఫెయిల్. ఇదీ పోతే ప్రాజెక్టే మార్చుకోమంది మా గైడ్. ఇప్పుడేమో మట్టి నిండా పేడలోని సూక్ష్మజీవులు!

"ఫోన్ల మన్ను గావాలన్నవు. అలుకద్దన్నవా?"

అనలేదు. అందుకే ఇంకా మండింది. గైడ్‌కు మెసేజ్ పెడదామంటే సిగ్నల్ లేదు. ఫోన్ పైకెత్తి పెరడంతా తిరిగాను.

"గా డబ్బా జర కిందవెట్టు. పిడికెడు నల్లమన్నుకు గింత పరేషానా?" అంటూ అమ్మమ్మ గోడవారన ఉన్న బండను కాలితో చూపింది. "గది లేపు."

లేపాను. కింద తారులాంటి మట్టి, గుప్పుమని పాత నువ్వుల నూనె వాసన.

"గది గానుగ కాడ తీసి దాసిన తోముడు మన్ను బిడ్డా. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల నేను కాపురానికొచ్చిన. సబ్బు ఎవలింట్ల ఉన్నది? బూడిదకు పోని గిన్నెల జిడ్డు గీ మన్నుకు పోయేది."

"ఇది ఫోన్‌లోనే చెప్పొచ్చు కదా!"

"జిడ్డు తోముతవని నువ్వు చెప్పినవా? సదువుకుంటున్న అన్నవు."

సీసా నింపుకున్నాను.

ల్యాబ్‌లో ఆ మట్టిలోని బ్యాక్టీరియాను వేరుచేసి పెంచడానికి రెండు వారాలు పట్టింది. గాజు పళ్లెంలో నీళ్లు, పైన పలచగా నూనె. బ్యాక్టీరియా పెరిగిన ద్రవం ఒక్క చుక్క వేశాను. నూనె పొర గిర్రున అంచులకు పారిపోయింది. మధ్యలో నీళ్లు తేటగా మిగిలాయి. మా గైడ్ ఇదే ప్రాజెక్టు కొనసాగించమని సంతకం పెట్టింది. వీడియో తీసి వెంటనే అమ్మమ్మ దగ్గరే ఉండే మామయ్య ఫోన్‌కు పంపాను.

అమ్మమ్మే ఫోన్ చేసింది.

"గింత పళ్లెంలనా? మేము గంగాళాలు తోమినం. గది సరే గని, బండ మూసి పోయినవా?"

మూయలేదు.

"తెలుసు. నువ్వు పోయిన తెల్లారే మీ మామ గా నూనె మన్నులనే కాలువెట్టి జారిండు."