పాకకొక కేక

మా ఎదురు వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన గుమ్మం ముందు మొన్న మూడు రోజుల పేపర్లు పడి ఉంటే, ఊరెళ్ళారు కాబోలు అనుకుని దాటుకుపోయాను. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. తలుపు పగలగొట్టి చూస్తే కుర్చీలోనే ప్రాణం పోయి ఉంది. ఇలాంటి తప్పు ఇదివరకు ఒకసారి చేసి, దాని ఫలితం కళ్ళారా చూసినదాన్ని నేను. అందుకే నాకు అన్నం సయించడం లేదు.

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో, నూజివీడు నుంచి ఆగిరిపల్లి పోయే దారిలో, మామిడితోటల మధ్య ఒక చిన్న బడికి పంతులమ్మగా వెళ్ళాను. ఆ రోజుల్లో కాయ ముదరగానే కూలి కుటుంబాలు పిల్లాజెల్లాతో సహా తోటల్లోకే కాపురం మార్చడం నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తోటకో తాటాకు పాక, పాకకో కేక. చిలకల్ని తోలుతూ ఒకరు కేకేస్తే పక్క తోటవాళ్ళు అందుకునేవాళ్ళు, అలా తోట తర్వాత తోట దాటి ఎక్కడికో పోయేది. ఏ కేక ఏ ఇంటిదో వాళ్ళు ఇట్టే చెప్పేవాళ్ళు. నాకు మాత్రం మొదట్లో అదంతా వట్టి గోల.

ఆ వేసవిలో, కోతలు మొదలవుతుండగా కలరా వచ్చింది. రోగమున్న పాకల్ని తగలబెడతారని ఎవరో పుకారు పుట్టించారు. జబ్బుపడ్డవాళ్ళ పేర్లు రాసుకుందామని నేను కాగితం పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగి అడిగితే, జబ్బుమనిషిని గోనెపట్టాల చాటున దాచి, అంతా బాగున్నామండీ అనేవాళ్ళు. కాచిన నీళ్ళు, ఉప్పు వేసిన గంజి నా దగ్గర సిద్ధంగా ఉండేవి. ఎవరికి కావాలో తెలిసేసరికి పాడె కట్టేవాళ్ళు. ఏడుపొచ్చేది నాకు.

బడి పక్క తోటను కాసే కావలి తాత ఒకనాడు నన్ను ఆపాడు. "పంతులమ్మగారూ, కాగితం చూస్తే మావోళ్ళు నోరిప్పరండీ. కేకేస్తే మాత్రం పలక్కుండా ఉండలేరు. పలకని పాకకి మనమే పోదాం."

మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం తాత కేక వేసేవాడు. అది ఎక్కడ తెగిపోతే అక్కడికి ఇద్దరం గంజికుండతో పరుగెత్తేవాళ్ళం. రెండు పాకల్లో మనుషులు బతికారు. ఇంకేం, లోకాన్ని ఉద్ధరించేసినంత పొంగిపోయాను.

చివరి తోటలో తాత కొడుకు కాపురం. అతనిది బొంగురు గొంతు. ఒక పొద్దున ఆ పాక నుంచి కోడలి సన్నని గొంతు పలికింది. సాయంత్రమూ ఆమే. తాత నా ముఖంలోకి చూశాడు. పాక పలికిందిగా అని నేనే అన్నాను. మర్నాడు కూడా ఆమే పలికేసరికి తాత ఆగలేకపోయాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. కొడుకు తెల్లవారకముందే పోయాడు. పాక తగలబెడతారన్న భయంతో, పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, శవం పక్కన కూర్చునే ఆ పిల్ల ఆ పొద్దున కూడా పలికింది. నిన్న సాయంత్రం దాకా మాట్లాడాడండీ అంది. నన్ను తిట్టినా బాగుండేది.

తాత గొంతు ఆనాటితో పడిపోయింది. ఇక కేక ఎవరు మొదలుపెడతారని అందరూ తెల్లమొహాలు వేస్తే, మైలలో మూల కూర్చోవలసిన ఆ కోడలే లేచి వచ్చింది.

"పాకకొక కేక చాలదండీ. మనిషికొక కేక ఉండాలి."

అలాగే చేశాం. మంచం మీది ముసలివాళ్ళూ పలికారు, గొంతు లేనివాళ్ళు గరిటెతో కుండ మీద కొట్టారు. తర్వాత కూడా కొందరు పోయారు, కానీ ఒక్కరూ పక్కన మనిషి లేకుండా పోలేదు. ముందు ఆమె కేక, తర్వాత పసివాడి కూత, ఆ పైన ఒక్క కేకంత సేపు ఏమీ ఉండేది కాదు. అది ఎవరి వంతో అందరికీ తెలుసు. ఆ కాస్త సేపూ గడిచాకే పక్క తోటవాళ్ళు అందుకునేవాళ్ళు. కాయ కోసి పాకలు విప్పేదాకా రోజూ అంతే.

ఇప్పుడు మా మేడలో ప్రతి గుమ్మానికీ గంట ఉంది, మెట్ల దగ్గర కెమెరా ఉంది, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఎవరి కేక ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. వాళ్ళకు తెలియదు సరే, నాకు తెలుసు కదా. మూడు పొద్దులు ఆ గుమ్మం పలకలేదు. పేపర్లు తొక్కకుండా, జాగ్రత్తగా దాటుకుని వెళ్ళాను.