చదవకుండా కొట్టిన కాయితం

కృపానందం వేళ్ళకు చదువొచ్చు, కృపానందానికి రాదు అని ఆఫీసులో ఒక మాట ఉండేది. దాన్ని పుట్టించింది ఎవరో కాదు, కృపానందమే. బెజవాడలో బందరు కాలవ పక్కనున్న ఒక సర్కారు ఆఫీసులో ఆయన ఇరవై ఏడేళ్ళుగా టైపిస్టు. మిషను ముందు కూర్చున్నాడంటే కాలవలో చేపలు ఒడ్డుకొచ్చి తాళం వేసేవట. డెబ్భై ఏడు ఉప్పెన నాడు గాలికి ఆఫీసు పైరేకులు లేచిపోయి కంకిపాడు పొలాల్లో పడ్డాయట. మనవాడు పేజీ పూర్తిచేసి, కార్బన్ లాగి, అప్పుడు తలెత్తి, ఇవాళ వెలుతురు బాగుందే అన్నాడట. రేకులు పడింది కంకిపాడులో కాదు, వెనక సందులో అని అటెండరు మాణిక్యమ్మ దిద్దబోతే, గాలితో మాట్లాడింది నువ్వా నేనా అని ఆవిడ నోరు మూయించేవాడు.

ఆయన గొప్పల్లో ఒక్కటి మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. కొట్టే కాయితం చదివేవాడు కాడు. కన్ను చిత్తుప్రతి మీద, వేళ్ళు మీటల మీద, నోరు కబుర్ల మీద. మధ్యలో బుర్ర దూరితే తప్పులు పడతాయనేవాడు. అందుకే కూతురు డయానా రోజూ సాయంత్రం ఏడిపించేది, ఇవాళ ఏం కొట్టావు డాడీ అని. చూళ్ళేదమ్మా అని ఆయన జవాబు. ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు.

తొంభై తొమ్మిది జనవరిలో ఎడమచేతి చిటికెన వేలు వణకడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు కాయితాల్లో 'ఏ' అక్షరం కొట్టేది ఆ వేలే. ఒకటి కొడితే రెండు పడేవి. నరాల జబ్బు, ఇక తగ్గేది కాదు అని డాక్టరు సర్టిఫికెట్ రాసిచ్చాడు. ఏడవాల్సిన చోట కృపానందం లోలోపల సంబరపడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళ రిటైర్మెంటుకు ఇంకా కనీసం ఐదేళ్ళుండగా ఆరోగ్యం చెడి దిగిపోయే ఉద్యోగి కుర్చీ ఇంట్లో ఒకరికి ఇచ్చే ఏర్పాటు అప్పట్లో ఉండేది. డయానా టైపు లోయరూ హయ్యరూ పాసై మూడేళ్ళుగా ఖాళీగా ఉంది. జులైలో ఆయనకు యాభై మూడు నిండుతాయి. అది దాటితే ఆ దారి మూసుకుపోతుంది.

భార్య సువార్తమ్మ సర్టిఫికెట్‌ను బైబిల్లో దాచి, రేపే అర్జీ పెట్టండి అంది. ఆయన నవ్వాడు. పే రివిజన్ వస్తోంది. కొత్త స్కేలు చేతికందాక దిగితే పెన్షన్ కూడా కొత్త జీతం మీదే కడతారు. ఇరవై ఏడేళ్ళు ఆగినవాడు నాలుగు నెలలు ఆగలేడా? ఇంత చిన్న లెక్క ఆడవాళ్ళకు ఎక్కదని ఆఫీసంతా చెప్పుకున్నాడు.

మార్చిలో బడ్జెట్ వచ్చింది. ఉపన్యాసం నిండా పొదుపే. ఆ వారమే హైదరాబాదు నుంచి రెండు పెద్ద అట్టపెట్టెలు వచ్చి కృపానందం వెనక మూలలో కూర్చున్నాయి. ఎవరూ విప్పలేదు. విప్పమని ఎవరూ చెప్పలేదు. మాణిక్యమ్మ రోజూ వాటి మీద దుమ్ము తుడిచేది. వాటి వైపు వీపు పెట్టి కూర్చుంటే ఎవరో నిలబడి తన చేతులు చూస్తున్నట్టుండేది ఆయనకు. లోపల టీవీలున్నాయని అందరికీ చెప్పేవాడు.

జీతం ఎంత శాతం పెంచాలన్న దాని మీద రాజధానిలో సంఘాలకూ సర్కారుకూ బేరం తెగలేదు. సమ్మె నోటీసు వెళ్ళింది. ఒకరోజు మధ్యాహ్నం సంఘం బ్రాంచి సెక్రటరీ సంజీవరావు గబగబా వచ్చాడు. కొన్ని షరతులకు ఒప్పుకుంటే సర్కారు మెట్టు దిగుతుందట, ప్రతి బ్రాంచీ సాయంత్రంలోపు అంగీకారం పంపాలట. చేత్తో రాసిన రెండు పేజీలు ముందు పెట్టి, ఓ క్షణం అక్కడే ఆగాడు.

"ఓసారి చూసి కొట్టవయ్యా కృపానందం. ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు."

"చూసి కొట్టడానికి నేనేమన్నా నేర్చుకునే పిల్లాడినా సెక్రటరీ గారూ? మీరు టీ చెప్పండి, గ్లాసు వచ్చేలోపు సంతకానికి రెడీ."

అన్నట్టే అయింది. టీ ఇంకా పొగలు కక్కుతోంది.

ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. అడిగినంత కాకపోయినా బాగానే పెరిగింది. ఆఫీసు ముందు టపాకాయలు కాల్చారు. మే చివర కొత్త జీతం చేతికొచ్చాక కృపానందం సర్టిఫికెట్ జతచేసి అర్జీ పెట్టాడు. పది రోజులకు అది తిరిగొచ్చింది. మార్జిన్లో ఎర్రసిరాతో ఒక్క వాక్యం: దిగిపోవచ్చు, కానీ టైపిస్టు పోస్టు డైయింగ్ కేడర్ కాబట్టి వారసులకు ఇవ్వడం కుదరదు.

అంటే ఏంటని సువార్తమ్మ అడిగింది. డయానా మెల్లగా చెప్పింది. ఉన్నవాళ్ళు ఉన్నన్నాళ్ళే. లేచిన కుర్చీలో ఇక ఎవరినీ కూర్చోబెట్టరు.

మర్నాడు ఆయన సంజీవరావు మీద విరుచుకుపడ్డాడు. ఎవరినడిగి ఒప్పుకున్నారని నిలదీశాడు. సంజీవరావు కేకలెయ్యలేదు. ఫైలు తీసి, కార్బన్ కాపీ తిప్పి చూపించాడు. మూడో షరతు టైపిస్టులదే. దానికెదురుగా 'అగ్రీడ్' అని ఉంది, మొదటి అక్షరం రెండుసార్లు పడి. కాయితం అడుగున ఎడమవైపు, ఏ ఆఫీసు కాయితానికైనా ఉండేట్టే, కొట్టినవాడి పొడి అక్షరాలు. అవి ఆయనవే.

"నీ చేత్తో కొట్టిన కాయితం కదయ్యా. తెలిసే ఊరుకున్నావనుకున్నా" అన్నాడు సంజీవరావు.

ఆ సాయంత్రం డయానా ఏమీ అడగలేదు. ఆమె అడుగుతుందేమోనని ఆయన అన్నం ముందు తల దించుకునే ఉన్నాడు.

తెల్లారి ఆఫీసుకు వెళ్ళేసరికి మూలలో పెట్టెలు విప్పి ఉన్నాయి. టీవీల్లాగే ఉన్నాయి కానీ టీవీలు కావు. టేబులు మీద కొత్త చిత్తుప్రతి ఉంది, జీతాలు పెంచినందుకు సంఘం తెలిపే కృతజ్ఞతలు. కృపానందం కాయితం ఎక్కించి, చేతులు మీటల మీద పెట్టి, చదవడం మొదలుపెట్టాడు. మొదటి మాట చదివాడు. రెండోది చదివాడు. మాణిక్యమ్మ టీ తెచ్చింది, చల్లారాక తీసుకెళ్ళింది. కాయితం మీద ఇంకా ఒక్క అక్షరమూ పడలేదు.