చివరి పొలాల జవాబు

కాలవల పెత్తనాన్ని రైతు సంఘాలకు అప్పగించాక చివరి పొలాలకు నీళ్లు అందుతున్నాయా లేదా అన్నది నా పీహెచ్‌డీ ప్రశ్న. తొంభైల చివరి సంవత్సరాలవి. సాగర్ ఎడమ కాలవ కింద, నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య ఆరు ఊళ్లు ఎంచుకున్నాను. వాటిలో ఒకటి మా ఊరు.

మా ఊరు అంటున్నానే గానీ, అప్పటికి అక్కడ మాకు సెంటు నేల లేదు. తూము పక్కనున్న మాగాణి అంతా ఒకప్పుడు మాదే. ఏ రోజు ఎవరి వంతు నీళ్లో తాతగారు మా అరుగు మీద కూర్చుని చెప్పేవారు. నాన్నగారి హయాంలో పొలాలు పోయాయి, ఆ తర్వాత ఇల్లు పోయింది. కొన్నవాళ్లు అందులో ఎరువుల బస్తాలు పెట్టుకున్నారు. మేము నందిగామలో రెండు గదుల వాటాలోకి మారాం. అక్కడ కూడా నాన్నగారు గంజి పెట్టిన చొక్కా లేకుండా గుమ్మం దాటేవారు కాదు. నేనూ ఆయన కూతురినే.

సొంత ఊరు వద్దని మా గైడు ముందే చెప్పారు.

"తెలిసినవాళ్లు నీకు నిజం చెప్పరమ్మా."

"మా ఇంటి మనిషికి అబద్ధం చెప్పే అలవాటు ఆ ఊరికి లేదండి" అన్నాను.

పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుని కాగితాలు నింపాను. అక్కడున్నది ఒక్కటే కుర్చీ. నేను కూర్చునేదాన్ని, వచ్చినవాళ్లు నిలబడి చెప్పేవారు. అప్పుడది నాకు వింతగా అనిపించలేదు.

"పోయినేడు మీ పొలానికి నీళ్లు అందాయా?"

"అందాయండి."

"ఎన్ని తడులు?"

"ఎన్ని కావాలంటే అన్నండి."

ఆ మాట దగ్గరే నేను ఆగవలసింది. మిగతా అయిదు ఊళ్లలో ఇదే ప్రశ్న అడిగితే తగాదాలు వినిపించాయి. సంఘం అధ్యక్షుణ్ణి తిట్టినవాళ్లున్నారు, నన్నే గవర్నమెంటు మనిషనుకుని నిలదీసినవాళ్లున్నారు. మా ఊళ్లో మాత్రం తూము దగ్గరివాళ్లూ, చివరివాళ్లూ ఒకే జవాబు చెప్పారు. నేను దానికి కారణం కూడా కనిపెట్టాను. తాతగారు నేర్పిన క్రమశిక్షణ ఊళ్లో మిగిలి ఉందనీ, అందుకే అక్కడ సంఘం బాగా నడుస్తోందనీ ఒక అధ్యాయమంతా రాశాను. తాతగారి పేరు లేకుండా, పరిశోధన భాషలో రాశాను. రాసిన రోజు ఆ పేజీలు రెండు సార్లు చదువుకున్నాను.

ఒక కాగితంలో సర్వే నంబరు రాయడం మరిచిపోయాను. అది చివరి పొలం రైతుది. ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసిన పెద్దాయన. మాఘమాసంలో ఒక ఉదయం జగ్గయ్యపేట బస్సెక్కి, రోడ్డు మీద దిగి, కాలవ గట్టు పట్టుకుని నడిచాను. తూము దగ్గర నీళ్లు నిండుగా ఉన్నాయి. సగం దూరంలో చీలమండ లోతయ్యాయి. ఆ తర్వాత తడి కూడా లేదు. చివరికి చేరేసరికి కాలవ అడుగున ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పెద్దాయన భార్య కాళ్లతో వాటిని తిరగేస్తోంది.

"కాలవలో మిరపకాయలేంటి?" అన్నాను.

"గచ్చు బాగుంటదమ్మా. మట్టంటదు."

"నీళ్లొస్తే?"

ఆవిడ నవ్వింది. గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఆవిడ వంక గుర్రుగా చూశాడు.

"మరి నీళ్లు అందాయని రాయించారేం?" అని ఆయన్ని అడిగాను.

ఆయన తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "మీరేదో పెద్ద పరీక్ష రాస్తన్నారంట గదమ్మా. అందలేదంటే తప్పు పడుద్దేమోనని."

"ఎవరన్నారు?"

"అందరం అనుకున్నదే. మీరొచ్చే ముందు రోజు."

"పొలాలా పోయినయ్, ఇల్లా పోయింది, ఆ పిల్ల చదువన్నా నిలబడనీండని ఈయనే చెప్పాడు అందరికీ" అంది ఆవిడ, మిరపకాయలు తిరగేస్తూనే.

గౌరవం అనుకున్నాను. అది జాలి. ఆ రోజు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నందిగామ దాకా నిలబడే వచ్చాను.

ఇంటికి వచ్చి, తాతగారి రోజుల్లో ఆ చివరకి నీళ్లు వెళ్లేవా అని నాన్నగారిని అడిగాను. ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టారు.

"వెళ్లేవి కావు."

"ఎవరూ అడగలేదా?"

"మన అరుగు దగ్గరికొచ్చి నీళ్లు రాలేదనడానికి ఎవరికి నోరొస్తుంది?"

వారం తర్వాత గైడు గారి దగ్గరికి వెళ్లాను. "మీరన్నదే నిజమండి" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి దారి పొడవునా కూడబలుక్కోవలసి వచ్చింది. ఆయన దెప్పలేదు. ఆ ఊరు తీసేయమన్నారు. అయిదు ఊళ్లు చాలు, వేసవికి థీసిస్ ఇచ్చేయొచ్చు, ఫెలోషిప్ గడువూ దాటదు అన్నారు. తీసేస్తే నా తప్పు ఎవరికీ తెలియదు. కానీ ఆ ఎండిన కాలవ కూడా ఎక్కడా నమోదు కాదు. మా అరుగు ముందు ఒకసారి, నా కుర్చీ ముందు ఒకసారి నోరు మూసుకున్న పొలం అది. మూడోసారి నేనే మూయించినట్లవుతుంది.

ఇంకో ఏడాది పట్టింది. ఫెలోషిప్ ఆగిపోతే నందిగామలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పాను. కుర్చీ జోలికి పోలేదు. నీళ్లు అందాయా అని ఎవరినీ అడగనూ లేదు. తూము నుంచి చివరిదాకా నడిచి, ఏ పొలంలో వరి ఉందో, ఎక్కడ కంది మొదలైందో, ఎవరు ఇంజను పెట్టి నీళ్లు తోడుకున్నారో చూసి రాసుకున్నాను. ఆ పాత అధ్యాయం చింపేశాను. దాని బదులు, మొదటి జవాబులు ఎందుకు పనికిరావో ఒక పేజీ రాశాను. అడిగింది ఆ ఊరి పాత పెత్తందారు మనవరాలు అని అందులో ఉంది.

డిగ్రీ వచ్చాక ఆ గట్టు మీదికే వెళ్లాను. పెద్దాయన కంది చేలో ఉన్నాడు.

"పాసయ్యారామ్మా?"

"అయ్యానండి."

"నీళ్లు రావట్లేదని రాస్తే కూడానా?"

"అది రాసినందుకే."

ఆయన చేలోంచి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "ముందే చెబితే మురుక్కాలవ సంగతి గూడా చెప్పేవాళ్లం గదమ్మా" అన్నాడు.

గట్టు మీద కాస్త జరిగి చోటిచ్చాడు. ఆయన పక్కన కూర్చుని నోటు పుస్తకం తీశాను.