సెకనుకి ఎన్ని ఎత్తులు

జిరాక్స్ మిషన్లు బాగుచేసే అతన్ని చదరంగం క్లబ్బులో అందరూ మెరుపు అనేవారు. ఆ పేరు వెక్కిరింతకి పెట్టారని తెలియనిది అతనొక్కడికే. నిదానంగా అన్నం తినేవాళ్లన్నా, కమ్మీ పట్టుకుని మెట్లెక్కేవాళ్లన్నా అతనికి చీదర. ఆత్రగాడికి బుద్ధి మట్టం అని ఊరికే అనలేదు పెద్దలు.

బావమరిదితో కలిసి చదరంగం ఆడే ప్రోగ్రాం ఒకటి రాశాడు. తర్వాత మాటా మాటా పెరిగి, చెరో కాపీ తీసుకుని ఎవరిది వాళ్లు మార్చుకోసాగారు. మెరుపుకి ఒకటే పిచ్చి పట్టింది. ప్రోగ్రాం సెకనుకి ఎన్ని ఎత్తులు చూస్తోందో తెర మూల ఒక అంకె పడేది. అది పెరగాలి. ఎత్తుల్ని వెతికేముందు మంచివాటిని ముందు వరసలో పెట్టే భాగం ఒకటుండేది. మంచి ఎత్తు ముందే దొరికితే మిగతా చెత్తలో చాలావరకు చూడకుండానే వదిలేయొచ్చు. కానీ వరస పెట్టడానికి కాస్త టైము పడుతుంది. మెరుపు ఆ భాగాన్ని పీకేశాడు. అంకె రెట్టింపయింది. మీ తమ్ముడిది నాదాంట్లో సగం కూడా లేదని భార్య దగ్గర ఇకిలించాడు.

ఆ ధైర్యంతోనే పందెం వేశాడు. క్లబ్బు కంప్యూటర్లో గెలిచినవాడి ప్రోగ్రామే ఉండాలి, ఓడినవాడు తనదాన్ని తన చేత్తోనే చెరిపేయాలి. షరతు పెట్టింది కూడా అతనే. మరో కాపీ దాచుకోకూడదన్నాడు.

ఆటలో మెరుపు ప్రోగ్రాం పరిగెత్తిన మాట నిజమే. కాలికి బలపం కట్టుకుని ప్రతి పనికిరాని సందులోనూ దూరింది. అందుకే నాలుగైదు ఎత్తుల అవతల ఏముందో దానికి కనపడలేదు. నిదానంగా చూసే అవతలిది అంతకు రెట్టింపు లోతు చూసింది. రాజు చుట్టూ ఉచ్చు బిగుస్తుంటే ఇది ఒక బంటు ఎక్కువుందని మురిసిపోయింది, అచ్చం యజమానిలాగే.

ఓడాక కంప్యూటర్ పాతదని గొణిగాడు. ఇద్దరూ ఆడింది దాని మీదేనని ఎవరూ గుర్తు చెయ్యలేదు. బావమరిది దగ్గరికొచ్చాడు.

"చెరపొద్దు బావా. ఆ వరస పెట్టే ముక్క మళ్లీ కలుపుకోండి చాలు. నా దగ్గరుంది, ఇస్తాను."

"నీ ముక్క నాకెందుకురా?"

"నాది కాదు, మీరు రాసిందే. నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు."

క్లబ్బులో అందరూ విన్నారు. మెరుపు సిగ్గుతో చచ్చిపోయాడు. ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే ఏమయ్యేదో గానీ, చెరిపేసే మీట చటుక్కున నొక్కేశాడు.