కేశవరావు కాళ్ళ వెనక

వంతెన స్తంభాల చుట్టూ నీళ్ళు ఎలా తిరుగుతాయో లెక్కగట్టడమే ముప్పై ఏళ్ళు కేశవరావు ఉద్యోగం. రిటైరయ్యాక ఇవాళ అమెరికాలోని షామ్‌బర్గ్ దగ్గరి నదిలో మోకాలి లోతున నిలబడి, బాస్ చేపల కోసం పొద్దుటినుంచీ గాలానికి ప్లాస్టిక్ ఎరలు మారుస్తున్నాడు. బరువైనది రాళ్ళలో ఇరుక్కుంది. తేలికదాన్ని ప్రవాహం ఈడ్చుకుపోయింది. ఎక్సెల్ షీట్ చూసి ఎంచిన పచ్చదాన్ని ఒక్క చేపా ముట్టలేదు.

"దరిద్రపు చేపలు. వీటికి లాజిక్ లేదు," అన్నాడు.

ఒడ్డున కుర్చీలో కూర్చున్న భార్య చాముండేశ్వరి గొంతు తగ్గించి అంది: "కదలకండి. మీరు స్తంభంలా నిలబడ్డారుగా, ఆ చాటున నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి. ఇందాకటినుంచీ ఒక చేప మీ కాళ్ళ వెనకే రెస్ట్ తీసుకుంటోంది."

ఎర ఎక్కడ వేయాలో కేశవరావుకు ఇప్పుడు తెలిసింది. వేయాలంటే కదలాలి.